ఆపా పేరున తోట



మన బడిలో ఒకటో తరగతి పిల్లలకు అలిఫ్ బేతో పాటు అఆలు కూడా దిద్దించిన ఆపా గత ఏడాది అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఈ హాల్లో ఆమె దగ్గర పలక పట్టినవారు చాలామందే ఉన్నారు. ఆమె పేరున బడి వెనక ఖాళీ జాగాలో తోట వెయ్యాలని కమిటీ తీర్మానించింది. అది ఎలా ఉంటే బాగుంటుందో టీచర్ల తరఫున చెప్పమన్నారు.

పోయినవారి తరఫున తోట ఇవ్వడం మనకు కొత్త సంగతి కాదు. సఅద్ బిన్ ఉబాదా (రజి) ఊళ్లో లేనప్పుడు ఆయన తల్లి కన్నుమూశారు. ఆమె తరఫున దానం చేస్తే ఆమెకు మేలు చేరుతుందా అని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. చేరుతుందని వినగానే మిఖ్రాఫ్ అనే తన తోటను తల్లి తరఫున దానంగా ఇచ్చేశారు. బుఖారీలో ఉన్న హదీసే ఇది. అయితే ఆయన ఇచ్చింది అప్పటికే ఉన్న పండ్లతోట. మనం ఇవ్వబోయేది వేలెడంత లావు మొక్కలు. అవి చెట్లయ్యేదాకా పోసే నీళ్లే అసలు సదఖా అని మేము అనుకుంటున్నాం.

ఇంతవరకు వచ్చిన హామీలు చూశాం. పాలరాతి ఫలకానికి ముగ్గురు, ఆర్చికి ఇద్దరు, పేరు చెక్కిన సిమెంటు బెంచీలకు నలుగురు ముందుకొచ్చారు. అల్లాహ్ వారందరికీ బర్కత్ ఇవ్వాలి. నీళ్లకు మాత్రం ఇంకా ఎవరూ పేరివ్వలేదు.

మా లెక్క 24 మొక్కలు. వేప 6, జామ 8, నేరేడు 4, దానిమ్మ 2, గోడ వెంట రేగు 4. ఖర్జూరం పెడదామని కొందరన్నారు. దానికి ఆడ చెట్లు, మగ చెట్లు వేరు, చేత్తో పుప్పొడి అద్దాలి. బడిలో ఆ పని ఎవరు చేస్తారు? రేగు సంగతి వేరు. ఎండకు తట్టుకుంటుంది, పిల్లలు ఎగబడి తింటారు (ముళ్లుంటాయి కాబట్టే గోడ వెంట అన్నాం). మయ్యిత్‌కు గుస్ల్ చేయించే నీళ్లలో వేసే ఆకు కూడా అదే. ఇప్పుడు ఆ ఆకు కోసం ఆ దుఃఖంలో ఊరంతా తిరుగుతున్నాం. ఆపాకూ అలాగే తిరిగాం.

మన రాయలసీమ ఎండల్లో మొక్కకు 20 లీటర్ల చొప్పున వారానికి రెండుసార్లు పొయ్యాలి. 24 మొక్కలకు వారానికి 960 లీటర్లు. మొక్క చచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, అంటే సరిగ్గా బడికి సెలవులున్నప్పుడు. బడికి సెలవులుంటాయి గానీ నమాజుకు ఉండవు. పక్కనే మస్జిదు ఉంది. వుజూ కొళాయి కింద పిల్లలతో బకెట్ పెట్టించి కొలిపించాం. మనిషికి దాదాపు 4 లీటర్లు కాలవలోకి పోతున్నాయి. అసర్‌కు 50 మంది వచ్చినా 200 లీటర్లు, వారానికి 1400. సబ్బు కలవని నీళ్లు కనుక మొక్కకు హాని లేదు. దైవప్రవక్త (స) లీటరు కూడా పట్టని నీటితో వుజూ చేసుకునేవారు. ఆ సంగతి గుర్తుంచుకుని మనమూ కొళాయి తగ్గిస్తే తోటకు వచ్చేవి తగ్గుతాయి, అప్పుడు ట్యాంకరు తెప్పించుకుందాం, ఫర్వాలేదు.

కావలసినవి మస్జిదు నుంచి పైపు, మట్టి దిగడానికి ఒక తొట్టి, మేకలు రాకుండా కంచె, సెలవుల్లోనూ వచ్చి చూసుకునే ఒక మనిషికి నాలుగేళ్ల జీతం. ఈ జీతానికే మొదట చేతులు లేవాలని మా విన్నపం. ఈ జాగా అమ్మకుండా, వేరే కట్టడం లేపకుండా రాతపూర్వకంగా వక్ఫ్ చేయాలని కూడా కమిటీని కోరుతున్నాం. ఆపా పేరు గేటు మీద ఒక్కచోట ఉంటే చాలు.

మే నెలలోనే గుంతలు తవ్వి ఎండకు వదలాలి, తొలి వానలకు నాటాలి. పేరు ఇవ్వదలచినవారికి భోజనాల వరండాలో మా టీచర్లు పుస్తకం పట్టుకుని ఉంటారు. నీళ్ల పేజీ మొదటిదే పెట్టాం.