జడకోలాటపు కూర్పు



తిరుమల బ్రహ్మోత్సవములలో స్వామివారి వాహనమునకు ముందు మాడవీధులందు కోలాట బృందములు ఆడుచు సాగుట మీలో పలువురు చూచియే యుందురు. కోలల చప్పుడు చెవికింపు, వరుసలు మాఱుట కంటికింపు. కాని ఎవరు ఎచట నిలువవలయునో, ఎవరిని ఎటు దాటవలయునో ముందుగా మనసున గీసికొనిన గురువు పని మనకు కానరాదు. ఆ కానరాని పనిని గూర్చియే నేటి నా ప్రసంగము.

పలువురు కలిసి యాడు ఆటను కూర్చుట మనకు క్రొత్త విద్య కాదు. భరతముని నాట్యశాస్త్రమున నాలుగవ అధ్యాయమునందు పిండి, శృంఖలిక, లతాబంధము, భేద్యకము అను నాలుగు విధములైన కూడికలను చెప్పెను. ముద్దగా కూడుట, గొలుసుగా చేరుట, తీగలవలె అల్లుకొనుట, విడివడి యాడుట అని ఈ పేళ్లే వాని తీరును తెలుపుచున్నవి. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప క్రీ.శ. 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. అందలి యెనిమిది అధ్యాయములలో తొలి నాలుగు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని చెందినవి. కోలలతో ఆడు దండరాసకము ఆ దేశిభాగమున కలదు.

వీధిలో సాగు కోలాటమునకు నడక ప్రధానము. ఒకచోట నిలిచి యాడు జడకోలాటమునకు అల్లిక ప్రధానము. మన చిత్తూరు సీమ పల్లెలు ఎఱిగిన ఈ జడకోలాటము లతాబంధమునకు సజీవమైన ఉదాహరణమని నా తలంపు. కూర్చువాని నేర్పు చక్కగా తెలియునదియు దీనియందే.

దాని పొందిక వినుడు. ఎత్తైన కొయ్యనుండియో చెట్టుకొమ్మనుండియో రంగురంగుల త్రాళ్లను వ్రేలాడదీయుదురు. ఆడువారెందఱో త్రాళ్లన్ని. ఒక చేత త్రాటికొస, ఒక చేత కోల. సంఖ్య సరిసంఖ్యయే కావలయును. వలయమున ఒకరు విడిచి యొకరు, సగము మంది కుడిగాను సగము మంది ఎడమగాను నడతురు. ఒక సగము ఎదురైనవారిని మొదట వెలుపలినుండి దాటిన, రెండవ సగము లోపలినుండి దాటును. మఱుదాటున ఇది తారుమారగును. ఇట్లు సాగగా పైనుండి జడ దిగుచు వచ్చును.

16 మంది ఆడుచున్నారనుకొందము. ఒక్కొక్క దాటుతో ఒక్కొక్కరు ఒక స్థానము జరుగుదురు. 16 దాటులకు ఎవరి చోటికి వారు వత్తురు. ఆదితాళమున దాటునకొక ఆవర్తము చొప్పున అల్లుటకు 16, విప్పుటకు 16, వెరసి 32 ఆవర్తములు. పాట చాలదేని పల్లవిని మరల నెత్తుకొనవలయునే కాని జడ నడుమ ఆట నిలుపరాదు.

అల్లుటకన్న విప్పుట కష్టము. తుదిదాటున ఎవరిని వెలుపలినుండి దాటితిమో, మరలునపుడు మొట్టమొదట వారినే వెలుపలినుండియే దాటవలయును. అలవాటుకొద్ది లోపలికి పోయిన ఒక్కరి మూలమున త్రాళ్లన్నియు చిక్కుపడును. కావున తెలిసిన గురువు అభ్యాసమును విప్పుటతోనే బిగించును.

ఇక ముఖ్యమైన మాట. కుడిగా నడచువారికి ఎడమగా నడచువారే ఎదురగుదురు గాని తమవారెన్నడును ఎదురుపడరు. ఈ సూక్ష్మమును గ్రహించిన గురువు ఆరితేఱినవారినందఱిని ఒకదిక్కునను, క్రొత్తవారినందఱిని రెండవ దిక్కునను నడిపించును. అప్పుడు ప్రతి దాటునను క్రొత్తవానికి ఎదురగువాడు తెలిసినవాడే. అతని చూపే సైగ, అతని అడుగే పాఠము. క్రొత్తవారిని వెలివేయక, ఆటను చెడనీయక నడుపు ఉపాయమిది. పండుగనాడు ఒక్కరు రాకున్న 16 కాస్త 15 అగును, జడ పడదు. అందుచేత అదనముగా ఒకరికైనను రెండు దిక్కుల నడకయు నేర్పియుంచుట మేలు.

నేడు స్త్రీల కోలాట బృందములు ఊరూర పెరుగుట సంతోషము. కాని పెక్కుచోట్ల గాయకుని స్థానమున యంత్రమున నిలిపిన పాట వచ్చినది. మనిషి పాడునప్పుడు వెనుకబడిన అడుగును చూచి తాళమును నెమ్మది చేయును, పల్లవిని మరల నందుకొనును. యంత్రము ఎవరికొఱకును ఆగదు. ఆ వేగమునకు చాలరని వయసు మీఱినవారిని, క్రొత్తవారిని వరుసనుండి తొలగించుచున్నారు. ఇది కూర్పు కాదు, ఏఱివేత.

చుఱుకైన పాదములతో ఆటను మెఱపించుట ఎవరికైనను సాధ్యమే. అందఱికన్న మెల్లనగు పాదమును లెక్కలో నుంచుకొని, ఆ పాదమునకు చోటిచ్చి, జడను చిక్కులేక అల్లి విప్పగలవాడే గురువు. మన పల్లెల పెద్దలు ఏ శాస్త్రమును చదువకయే ఈ విద్యను నిలిపిరి. వారిలో మిగిలినవారి చెంతకు పోయి, విప్పునేర్పుతో సహా దానిని నేర్చుకొనుట నేటి బృందముల వంతు.