పెన్నులో సిరా ఎందుకు ఆగిపోతుంది?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, గుమాస్తాను. సర్వీసంతా నా చేతిలో ఉన్నది కలం కనుక దాన్ని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఫౌంటెన్ పెన్ను పాళీ మధ్య వెంట్రుకంత చీలిక, దాని కింద నాలుకలాంటి భాగంలో సన్నని గాడులు ఉంటాయి. అంత ఇరుకు దారిలో సిరా గోడలను పట్టుకుని తానే పాకుతుంది. దీపం వత్తికి నూనె ఎక్కేదీ ఈ గుణం వల్లనే. సిరా దిగినకొద్దీ గాలి లోపలికి పోవాలి. అందుకు తగిన గాడుల అమరికకు 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు పొందాడు.

మూత తీసి ఉంచితే పాళీ కొన వద్ద సిరాలోని నీరు ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి వెనక సిరా ముందుకు వస్తూ, తనలోని రేణువులను మోసుకొస్తుంది. నీరు గాలిలో కలుస్తుంది, రేణువులు పోలేవు. సిరా, గాలి, లోహం కలిసే అంచున పేరుకుంటాయి. బల్లమీద పడ్డ కాఫీ చుక్క ఆరితే చుట్టూ ముదురు గీత మిగలడం మనమంతా చూసినదే. దానికి కారణాన్ని 1997లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వివరించారు.

మామూలు నీలం సిరా ఎండినా నీటికి మళ్ళీ కరుగుతుంది. డ్రాయింగుకు వాడే ఇండియన్ ఇంకులో మసి రేణువులు, లక్కవంటి బంధకం ఉంటాయి. అది పెన్నులో ఎండితే ఇక కరగదు. పాతకాలపు బ్లూ-బ్లాక్ సిరాలోని ఇనుప లవణం గాలి తగిలి నల్లబడి, నీటికి చెదరకుండా కాగితాన్ని పట్టేది. రికార్డులకు దానికే పేరు.

అంటే పెన్నుకు మేలు చేసే గుణం కాగితానికి కీడు. మన పుట్టిన తేదీ, ఇంక్రిమెంట్లు, సెలవులు అన్నీ సర్వీసు రిజిస్టరులో చేత్తో రాసినవే. ఆ రాతల మీదే మన పెన్షను లెక్క కట్టారు. ఒక్క అంకె చెదిరితే ఎన్నిసార్లు తిరగాలో మీకు చెప్పనక్కరలేదు.

కనుక నీలం సిరాతో రాసిన కాగితాలు ఇంట్లో ఉంటే తడి తగలనీయకండి. జిరాక్సులు తీయించి, ఎక్కడ పెట్టారో ఇంట్లోవారికి చెప్పండి. రేపు ఫ్యామిలీ పెన్షనుకు తిరగవలసింది వారే.

పాత పెన్ను వాడనప్పుడు సిరా తీసేసి, తేటనీరు వచ్చేదాకా చన్నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. వేడినీళ్ళు వద్దు. మనవలకు పనికివస్తుంది.