రంగునీటికి ఊక మందు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



నీటి బాధ మన ప్రాంతానికి కొత్త కాదు. ఫ్లోరైడు నీటిని పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థవారు 1970 దశకంలో రూపొందిస్తే, దానికి నల్లగొండ పేరే వచ్చింది. ఈ రోజు మేము మనవి చేయదలచింది మరో బాధ గురించి, అంటే రంగునీటి గురించి.

పోచంపల్లి, పుట్టపాక పాత నల్లగొండ జిల్లాలోని ఊళ్ళే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకది గర్వకారణం. కాని నూలుకు రంగులు వేశాక తొట్టిలో మిగిలిన నీటిని అట్లాగే పారబోస్తే అది మోరీకి, కుంటకు, చివరకు నేలలోకి చేరుతుంది. ఆజో రంగులలో కొన్ని విరిగినప్పుడు కాన్సరు కలిగించే పదార్థాలు పుడతాయి. అటువంటివాటిని మన ప్రభుత్వం 1990 దశకంలో నిషేధించింది.

దీనికి మందు మన మిర్యాలగూడ రైసు మిల్లులలోనే ఉన్నది. క్వింటాలు వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. దానిని గాలి తగలకుండా కాల్చితే సన్నని రంధ్రాలు గల బొగ్గు అవుతుంది. తడి గోడకు దుమ్ము అంటుకున్నట్లు రంగు అణువులు ఆ బొగ్గు పైపొరకు అంటుకుంటాయి. దీనినే అధిశోషణం అంటారు.

అయితే ఒక చిక్కున్నది. పచ్చి ఊకకు ఋణ విద్యుదావేశం ఉంటుంది. మిథిలీన్ బ్లూ వంటి ధనావేశపు రంగులను అది తేలికగా పట్టుకుంటుంది. నూలుకు వాడే రియాక్టివ్ రంగులది కూడా ఋణావేశమే గనుక వాటిని నెట్టివేస్తుంది. అందుకే రొయ్య పెంకుల నుండి తీసిన కైటోసాన్‌ను ఊక బొగ్గుతో కలిపి గోళీలు చేస్తారు. కొద్దిగా ఆమ్లం కలిపిన నీటిలో కైటోసాన్ ధనావేశం పొంది ఆ రంగులను పట్టుకుంటుంది. గోళీలైతే వడకట్టడమూ సులువే.

ఇక్కడ మోసపోకూడదు. నీళ్ళు తేటపడినంత మాత్రాన తాగడానికి పనికిరావు. రంగువేతలో కలిపిన ఉప్పు అందులో అట్లాగే ఉంటుంది. రంగు కూడా మాయం కాలేదు, నీటిలో నుండి గోళీలలోకి మారిందంతే! వాటిని క్షారంతో కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. కాని ఆ కడుగునీరు మళ్ళీ రంగునీరే, గోళీల పట్టూ సడలుతూ పోతుంది. చివరికి వాటిని కాలువ గట్టున పారవేస్తే చేసిన శ్రమంతా వృథా కదా!

ఊక ఉచితమనీ అనుకోవద్దు. మిల్లుల బాయిలర్లకు అదే వంటచెరకు. ఖర్చు లెక్క కూడా వేయాలి.

కనుక రసాయనశాస్త్రం చదివే మన పిల్లలకు మా విన్నపం ఒక్కటే. మిథిలీన్ బ్లూతో ప్రయోగం చేసి ఆగిపోకండి. అసలు రంగు తొట్టి నీటితో చేసి చూడండి. ఎంత రంగు పోయిందో రాసినచోటే, వాడిన గోళీలు ఎక్కడికి పోయాయో కూడా రాయండి. అది రాసినప్పుడే పని పూర్తయినట్లు.