నీళ్లు, అప్పు, దారి

(వైశాలిలో జరిగిన మా బ్యాంకు ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

దేశం ఎదగాలంటే ఏం కావాలని అడిగితే, బ్యాంకు వాళ్లం గనక వెంటనే పెట్టుబడి అంటాం. మేనేజ్‌మెంట్ పుస్తకాలు భూమి, శ్రమ, పెట్టుబడి, సాంకేతిక పరిజ్ఞానం అని వరుసగా చెబుతాయి. అవన్నీ కావలసినవే. అయితే ఇంట్లో బియ్యం, పప్పు, కూరలు అన్నీ ఉండి గ్యాస్ అయిపోతే వంట ఆగిపోతుంది కదా! దేశం సంగతీ అంతే. ఏది తక్కువైందో కనిపెట్టి దాన్ని సమకూర్చడమే అసలు పని.

మన గోదావరి డెల్టానే తీసుకోండి. 1830లలో అక్కడ మంచి నేల ఉంది, కష్టపడే మనుషులున్నారు, పక్కనే నిండు గోదావరి ఉంది. అయినా కరువులు తప్పలేదు. నది నీళ్లు పొలానికి ఎక్కే మార్గం లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఆ లోటు తీర్చింది. కాలువలు పంటకు నీళ్లిచ్చాయి, ధాన్యం పడవలకు దారులూ అయ్యాయి. ఆర్థర్ కాటన్‌ను అక్కడి రైతులు ఇప్పటికీ తలుచుకునేది అందుకే. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట వచ్చింది.

నీళ్లొచ్చాక రెండో లోటు బయటపడింది. విత్తనాలకు, ఎడ్లకు డబ్బు కావాలంటే వడ్డీ వ్యాపారి గడపే దిక్కు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశాక బ్యాంకు శాఖలు పల్లెలకు పెద్ద ఎత్తున వెళ్లాయి. అప్పు దొరికే చోటు దగ్గరైంది.

మరి ఈ రోజు తక్కువైందేమిటి? నా దృష్టిలో ఆడవాళ్లకు పని దాకా వెళ్లే దారి. ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వే ప్రకారం, 15 ఏళ్లు దాటిన మహిళల్లో పని చేస్తున్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి 2017-18లో నూటికి 23 మంది. 2023-24లో సుమారు 42 మంది. మగవారిలో ఆ సంఖ్య 79కి దగ్గర. పెరుగుదల సంతోషమే కానీ, అందులో ఎక్కువ భాగం పల్లెల్లో సొంత పొలాల్లో, ఇంటి వ్యాపారాల్లో పనిచేసేవారిది. చాలామందికి చేతికి జీతమంటూ రాదు.

దారి అంటే ఏమిటో వైశాలి వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2011 జూలైలో మెట్రో ఇక్కడికి వచ్చింది. ఢిల్లీలో దొరికే ఉద్యోగం ఇక్కడి అమ్మాయికి అందుబాటులోకి వచ్చింది. కానీ స్టేషన్ నుంచి ఇంటికి వచ్చే వీధిలో దీపం లేకపోయినా, పిల్లాణ్ణి చూసుకునే క్రెష్ లేకపోయినా, ఆ మెట్రో ఆమెకు ఉన్నా లేనట్టే.

మా వైపు నుంచీ ఒక అడ్డు ఉంది. అప్పుకు హామీ అడుగుతాం. ఇల్లు, పొలం చాలా ఇళ్లలో మగవారి పేరు మీదే ఉంటాయి. 1992లో నాబార్డు మొదలుపెట్టిన పొదుపు సంఘాల అనుసంధానం ఈ అడ్డును తొలగించిన మార్గాల్లో ఒకటి. ఆస్తి కాగితాలకు బదులు పదిమంది మాటే హామీ అయింది. తెలుగు పల్లెల్లో ఆ సంఘాలు ఎంత దూరం వెళ్లాయో మీకందరికీ తెలుసు. 2015లో వచ్చిన ముద్ర రుణాలకూ ఆస్తి హామీ అక్కర్లేదు.

చివరగా మన ఇళ్ల సంగతి. చదువుకుని, ఉద్యోగం చేస్తూ, మా బదిలీల వెంట ఊళ్లు తిరిగి పని మానేసిన అక్కచెల్లెళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. దాన్ని త్యాగమని పొగిడి ఊరుకుంటున్నాం. వాళ్ల చదువుకు దేశం, తల్లిదండ్రులు పెట్టిన పెట్టుబడి అలా పక్కన పడి ఉంది. మళ్లీ మొదలుపెడతానని ఆమె అంటే, "ఇప్పుడెందుకు?" అనకుండా, సాయంత్రం పిల్లల చదువు ఎవరు చూడాలో ముందు మాట్లాడుకుందాం. చిన్న వ్యాపారం ఆలోచన ఉన్నవారు టీ తర్వాత నా దగ్గరికి రండి. రుణానికి ఏ కాగితాలు కావాలో కూర్చుని చూద్దాం.