పాత ఫైలు ఇంగ్లీషు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా మనవరాలు ఇంగ్లండులో ఎం.ఎస్సీ. చదువుతోంది. ఐఇఎల్‌టిఎస్ రాతపరీక్షలో 60 నిమిషాల్లో ఒక జవాబు కనీసం 150 మాటలు, రెండోది 250 మాటలు రాసి నెగ్గింది. తీరా అక్కడ మొదటి వ్యాసానికే హెచ్చరిక వచ్చింది. పుస్తకంలోని వాక్యాలు ఎవరివో చెప్పకుండా ఎత్తి రాసిందట. అక్కడది దొంగతనం కింద లెక్క.

తప్పు నాదే. పాత ఫైలు తీసి, నంబరు, తేదీ మార్చి డ్రాఫ్టు పెట్టడమే మనకు పనితనం. "ఉన్నదున్నట్టు బట్టీ పట్టమ్మా" అని ఆ పిల్లకూ అదే నేర్పాను.

ఇప్పుడు పుస్తకం మూసి, సొంత మాటల్లో రాసి, రచయిత పేరు, సంవత్సరం వేస్తోంది. "అది వచ్చేసింది తాతయ్యా. పైన నేనేమంటానో రాయమంటారు, అదే కష్టం. మనింట్లో ఎవరూ అడగలేదుగా!" అంది.

మిత్రులారా, పిల్లలను విమానం ఎక్కించేముందు ఆ ప్రశ్న మనమే అడుగుదాం. సెలవు.