కెమెరా పట్టిన కయోవా బిడ్డ
(అమలాపురంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేము తలచుకోబోయే మనిషి మన జిల్లావాడు కాదు, మన దేశంవాడూ కాదు. అయినా ఆయన కథ వింటే మన ఇంటి మనిషే అనిపిస్తుంది. ఆయన పేరు హొరేస్ పూలా. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, మౌంటెన్ వ్యూ అనే ఊళ్లో, కయోవా తెగలో 1906లో పుట్టారు.

కయోవాలు ఏయే కాలంలో ఏం జరిగిందో బొమ్మలు గీసి దాచుకునేవారు. అదే వాళ్ల కేలండర్, అదే వాళ్ల చరిత్ర. పూలా తండ్రి అలాంటి కేలండర్ రాసే మనిషి. తండ్రి బొమ్మలు గీస్తే కొడుకు కెమెరా పట్టాడు. పదిహేడేళ్ల వయసులో ఆ ఊరి ఫొటోగ్రాఫర్ల దగ్గర పని నేర్చుకున్నారు.

అప్పట్లో ఆదివాసీల ఫొటోలు ఎక్కువగా బయటివాళ్లే తీసేవారు. పాతకాలపు వేషం వేయించి, 'అంతరించిపోతున్న జాతి' అని చూపించేవారు. పూలా తనవాళ్లను ఉన్నది ఉన్నట్టు తీశారు. ఈకల కిరీటం పెట్టుకున్నవాళ్లూ, కారు పక్కన నిలబడ్డవాళ్లూ, పెళ్లిళ్లూ, ఉత్సవాలూ, అంత్యక్రియలూ అన్నీ. కొన్ని ఫొటోల వెనక, ఇవి ఒక ఇండియన్ తీసినవని ముద్ర కూడా వేశారు.

1943లో, 37 ఏళ్ల వయసులో, ఆయన అమెరికా సైన్యపు వైమానిక దళంలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. ఫ్లోరిడాలోని మాక్‌డిల్ స్థావరంలో సైనికులకు విమానం నుంచి ఫొటోలు తీయడం నేర్పారు. అది సరదా పని కాదు. ఒక ఫొటోలో కనిపించిన నేల కొంత తర్వాతి ఫొటోలోనూ పడాలి. అప్పుడే వాటిని కలిపి మ్యాపు తయారు చేయగలరు, శత్రువు ఎక్కడున్నాడో చెప్పగలరు.

అక్కడ తీసిన ఫొటో ఒకటి ఇప్పుడు చాలా ప్రసిద్ధి. బి-17 బాంబర్ విమానంలో పూలా, ఆయన తెగవాడే అయిన గస్ పామర్, ఇద్దరూ ఈకల కిరీటాలతో ఉంటారు. పూలా చేతిలో కెమెరా. సైన్యంలో చేరినంత మాత్రాన తమ తెగను ఇంటి దగ్గర వదిలి రాలేదని ఆ ఫొటో చెబుతుంది. నౌకాదళం నుంచి సెలవుపై వచ్చిన కొడుకు జెర్రీని కూడా ఆయన అలాగే గర్వంగా ఫొటో తీశారు.

కానీ బతికుండగా ఆయనకు పెద్దగా పేరు రాలేదు. సుమారు 2,000 నెగెటివ్‌లు మిగిల్చి 1984లో కన్నుమూశారు. చాలావాటికి ప్రింట్లు కూడా లేవు. కూతురు లిండా ఆ ఫొటోలను తెగ పెద్దలకు చూపించి, ఇందులో ఉన్నది ఎవరు, ఎవరి బిడ్డ అని అడిగి పేర్లు రాయించారు. 2014లో ఆ ఫొటోలతో న్యూయార్క్‌లోని అమెరికన్ ఇండియన్ జాతీయ మ్యూజియంలో ప్రదర్శన పెట్టారు. తనను గుర్తుంచుకోవడం కాదు, ఈ ఫొటోల ద్వారా తనవాళ్లు తమను తాము గుర్తుంచుకోవాలన్నది ఆయన కోరికని కూతురే చెప్పారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పూలా తనవాళ్ల ఫొటోలు తీస్తున్న 1940ల్లోనే, ఈ గోదావరికి ఎగువన, పాపికొండల్లో కొండరెడ్ల ఫొటోలు తీసింది ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్. మంచి పనే చేశారు, కాదనం. కానీ ఆయన ఫొటోల భాండారం ఇప్పుడు లండన్‌లో ఉంది. వాటిలో ఉన్న మన తాతమ్మల పేర్లు ఎవరు చెబుతారు? పోలవరం కోసం దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఇళ్లు, ఆ గుడిసెల ముంగిళ్లు ఇక ఫొటోల్లోనే చూడాలి.

మా తప్పూ ఒప్పుకుంటాం. మా దగ్గరున్న పాత గ్రూప్ ఫొటోల్లో సగం మంది పేర్లు మాకే తెలియవు. తెలిసిన పెద్దలు బతికుండగా మేము అడగలేదు.

మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు అవ్వను, తాతను అడిగి ఒక ఫొటో తీయండి. పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. ఇంట్లో ఉన్న పాత ఫొటోలు వాళ్ల ముందు పెట్టి ఒక్కొక్కరినీ అడగండి. సైన్యంలో, పోలీసులో పనిచేసిన మనవాళ్లుంటే వాళ్ల మాటలు రికార్డు చేయండి. ఈ పని రేపటికి వాయిదా వేయకండి, అవ్వాతాతలు మన కోసం ఆగరు.

హొరేస్ పూలాకు జోహార్లు. సెలవు.