వినోదము చిన్న వస్తువు కాదు



సినిమాను గూర్చి ప్రసంగించువారు సాధారణముగా సందేశముతో ప్రారంభింతురు. చిత్రము సంఘమును ఉద్ధరించినదా, పేదవాని బాధను చూపినదా అని విచారించిన పిమ్మటనే దానికి యోగ్యత కట్టుదురు. నవ్వించుటయే పనిగా పెట్టుకొన్న చిత్రమునకు ఈ పరీక్షలో పీట లేదు. దానిని చూచి కడుపుబ్బ నవ్వినవారు సైతము "కాలక్షేపమునకు ఫరవాలేదు" అని తల వంచుకొని చెప్పుదురు. తెలుగు చిత్రాభిమాని అట్లు తల వంచవలసిన పని లేదు. తాతను, మనుమని ఒకే చోట కూర్చుండబెట్టి ఒకే మాటకు నవ్వించుట సామాన్యమైన విద్య కాదు. విజయా సంస్థవారి మూడు చిత్రములు ఇందుకు చాలిన సాక్ష్యము.

1955లో ఎల్. వి. ప్రసాద్ దర్శకత్వమున వచ్చిన 'మిస్సమ్మ'లో ఉద్యోగము లేని ఇద్దరు పట్టభద్రులు కలరు. ఒకరు హిందూ యువకుడు, మరొకరు క్రైస్తవ యువతి. జమీందారుగారి బడికి దంపతులైన ఉపాధ్యాయులు కావలెనట. పొట్టకూటికై ఇద్దరును ఆలుమగలవలె నటింతురు. నిరుద్యోగముపై ఉపన్యాసము లేదు. అయినను దరఖాస్తు చేతబట్టి ఆఫీసు మెట్లెక్కినవారికి ఆ నవ్వులోని నిజమెంతయో వేరుగ చెప్పనక్కరలేదు. చివరకు మేరీ పుట్టుకచే హిందువే యని తేల్చి మతసమస్యను దాటవేసిరను ఆక్షేపణ న్యాయమే. కాని అంతవరకు సావిత్రి ముక్కుమీది కోపమును, రామారావు ఓర్పును చూచిన ప్రేక్షకుడు మేరీని మేరీగానే మెచ్చుకొని యుండును.

1957 నాటి 'మాయాబజార్' పేరునకు భారతకథ. పాండవులలో ఒక్కరైనను తెరపై కానరారు! కె. వి. రెడ్డి చూపినది అచ్చమైన తెలుగువారి పెండ్లియిల్లు: ఐశ్వర్యమును బట్టి మారు చుట్టరికము, వియ్యాలవారి బడాయి, విడిదిలోని మర్యాదలు. మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణమున నదిపై కురిసిన వెన్నెల నేటికిని చల్లగనే యున్నది. ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చిన ఘట్టములలో సావిత్రి కన్నెపిల్ల దేహములో రాక్షసుని నడకను, హుంకారమును చూపినది. ఎస్. వి. రంగారావు భీకరాకారములో పసివాని మనసును చూపెను. ఇరువురిలో ఎవరిది గొప్ప యని అభిమానులు ఎంత తగవులాడినను తీర్పు దొరకదు.

1962 నాటి 'గుండమ్మ కథ' సాహసము మరొక విధమైనది. రామారావు, నాగేశ్వరరావు ఇరువురును ఉన్న చిత్రమునకు గయ్యాళియైన సవతితల్లి పేరు పెట్టిరి! సూర్యకాంతము నోరు విప్పినంతనే ఆ పేరు సార్థకమైనది. ఆమె గుండమ్మను ద్వేషింపజేయలేదు. ప్రతి వీధిలోను ఒక గుండమ్మ యున్నదని గుర్తుచేసి నవ్వించినది.

పరరాష్ట్రములలో కొలువు చేయు తెలుగువారికి ఈ చిత్రములతో మరొక ప్రయోజనము కలదు. బదిలీల వెంట తిరుగు పిల్లలు బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్తురు. తెలుగు ఇంటి గడప దాటదు. కొన్ని యిండ్లలో వంటగదికే పరిమితము. పెద్దబాలశిక్ష తెరువని పిల్లవాడు సైతము పింగళి నాగేంద్రరావు సృష్టించిన 'అసమదీయులు', 'వీరతాడు', 'గింబళి' వంటి మాటలను ఉత్సాహముతో వల్లించును. గింబళికి నిఘంటువులో అర్థము లేదు. కాని అర్థము లేదని తెలిసి నవ్వుటకు కంబళి యననేమో ముందు తెలిసియుండవలెను. ఆ మాటకు నవ్వు పిల్లవానికి భాష కొంత పట్టుబడినట్లే.

2010లో 'మాయాబజార్' రంగులు దిద్దుకొని మరల థియేటర్లకు వచ్చినది. అర్ధశతాబ్ది గడిచినను ఆ హాస్యము పాతబడలేదు. కావున మన వంటి సంఘములు చిత్రప్రదర్శనములు ఏర్పాటు చేయునపుడు వినోదచిత్రమును చివరి మిఠాయివలె గాక, విందులోని అన్నముగా వడ్డింపవలెను. పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను. వారు నవ్విన చోట తెలుగు నిలిచినదని సంతోషింపవచ్చును. నవ్వక, వెనుదిరిగి అర్థమడిగిన చోట పెద్దలకు పని యున్నది. ఆ పనిని మరునాటికి వాయిదా వేయరాదు.